ఎగ్జాస్ట్ క్యామ్‌ని ఎవరు తిన్నారు? పాత బుల్లెట్ షెడ్డు డైరీ

జూన్ 8, ఆదివారం

నాన్న 1991లో కొన్న బుల్లెట్ 350 ఇది. పాత కాస్ట్ ఐరన్ ఇంజిను. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. నాన్న పోయాక తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోకి చేరింది, నా ఆదివారాలన్నీ తినేస్తోంది.

నెల రోజులుగా ఇంజిను కుడివైపు నుంచి టకటకమని శబ్దం. బుల్లెట్ అన్నాక టాపెట్ల (వాల్వుల్ని కింది నుంచి లేపే ముక్కల) సవ్వడి ఉండనే ఉంటుంది. కుట్టుమిషన్ నడుస్తున్నట్టు మెత్తగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఇది అలా లేదు, పెరట్లో ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. రెండు వారాల్లో మూడుసార్లు టాపెట్లు సర్దాను. సర్దిన రోజు బాగానే ఉంటుంది, మూడో రోజుకి మళ్ళీ మొదలు.

క్యామ్ తిరుగుతూ టాపెట్‌ని లేపితే, అది పుష్‌రాడ్ అనే కడ్డీని, ఆ కడ్డీ పైనున్న రాకర్‌ని నెట్టి వాల్వుని తెరుస్తుంది. టాపెట్లు సర్దడమంటే వీటి మధ్య గ్యాప్ సరిచేయడం. ఈ ఇంజినులో ఆ పని పైన రాకర్ల దగ్గర కాదు, కింద పుష్‌రాడ్ల అడుగున. సిలిండరు కుడిపక్క ఒక్క నట్టుతో బిగించిన చిన్న మూత తీస్తే రెండు పుష్‌రాడ్ల కాళ్ళు కనిపిస్తాయి. అక్కడ మూడు సన్న స్పానర్లు ఒకేసారి పట్టాలి. దేవుడు మనిషికి రెండే చేతులిచ్చాడు. గ్యాప్ కొలిచే సన్న రేకులు, అదే ఫీలర్ గేజీతో పని లేదు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్‌ని వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే లెక్క.

శబ్దంతో పాటు ఇంకో మూడు గమనించాను. 60 దాటితే బండికి ఊపు రావడం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కార్బురేటర్ లోంచి ఫట్‌మని వెనక్కి తుమ్ముతోంది. హెడ్డు మామూలు కన్నా ఎక్కువ కాలుతోంది. కార్బురేటర్ తుమ్ముతోంది కాబట్టి తప్పు దానిదే అనుకుని రెండుసార్లు విప్పి కడిగాను. అది పాపం శుభ్రంగానే ఉంది.

ఇవాళ ప్లగ్గు తీసేసి, టాపెట్ మూత విప్పి, కిక్కర్‌తో ఇంజినుని మెల్లగా తిప్పుతూ రెండు పుష్‌రాడ్లనీ చూస్తూ కూర్చున్నాను. ఇన్‌టేక్ (పెట్రోలు, గాలి లోపలికి వచ్చే) వైపుది నిండుగా లేస్తోంది. ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వైపుది సగం మనసుతో లేచి దిగిపోతోంది. స్కేలు పెట్టాల్సిన పని లేకుండానే కంటికి తేడా తెలిసింది.

అంటే క్యామ్ అరిగింది. నేను ఇన్నాళ్ళూ ఎందుకు పట్టుకోలేకపోయానో కూడా అప్పుడే అర్థమైంది. క్యామ్‌ని కోడిగుడ్డు అనుకుంటే, గ్యాప్ చూసేది గుండ్రటి వీపు మీద. వాల్వుని లేపేది కోసుగా ఉన్న ముక్కు. ముక్కు ఎంత అరిగినా వీపు అరగదు, కాబట్టి గ్యాప్ సరిగ్గానే చూపిస్తుంది. గ్యాప్ సరిగ్గా ఉంది కదా అని నేను మూత బిగించేస్తున్నాను.

తుమ్ములకీ లెక్క కుదిరింది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా తెరుచుకోకపోతే కాలిన పొగ మొత్తం బయటికి పోదు. ఇన్‌టేక్ తెరుచుకోగానే మిగిలిన వేడి పొగ ఆ దారిన కార్బురేటర్ వైపు తంతుంది.

జూన్ 15, ఆదివారం

టైమింగ్ కవరు విప్పాను. కుడి ఫుట్‌రెస్ట్ తీసి, సైలెన్సర్ పైపు పక్కకి జరిపి, నూనె దించి, స్క్రూలు ఒక్కొక్కటే. రెండు మొరాయిస్తే సుత్తితో కొట్టి తిప్పే స్క్రూడ్రైవర్ వాడాల్సి వచ్చింది. స్క్రూలన్నీ ఒకే పొడవు కాదు, ఎక్కడివి అక్కడే పెట్టాలి. అందుకు పాత ఇడ్లీ ప్లేటుని మించింది లేదు, గుంటకో జాగా. కొత్త ప్లేటు తీశానేమోనని మా ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది.

దించిన నూనెని స్టీలు బేసిన్‌లో ఎండలో పెట్టాను. పాత స్పీకరు అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి అందులో తిప్పాను. బయటికి తీస్తే కాటుక ముద్దలా నల్లటి బురద, దాన్నిండా సన్న ముళ్ళు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అది ఇనుము. వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడింది. బేసిన్ అడుగున ఇంకో రకం మెరుపు మిగిలింది, బంగారు రంగులో. అది అయస్కాంతానికి అంటలేదు. అది కంచు, అంటే క్యామ్ బుష్ (క్యామ్ లోపలి కంచు తొడుగు) కూడా అరుగుతోందన్నమాట. నూనె దించి నేరుగా పారబోసేవాళ్ళు ఒక్కసారి ఇలా చేసి చూడండి. ఇంజిను లోపల ఏం జరుగుతోందో విప్పకుండానే చెబుతుంది.

కవరు తీస్తే లోపల గడియారం విప్పినట్టు వరసగా గేర్లు. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర చిన్న పినియన్, దానికి రెట్టింపు పళ్ళతో రెండు క్యామ్ గేర్లు, అక్కణ్ణుంచి ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్ల వైపు పోయే గేర్లు. ఈ ఇంజినులో క్యామ్, గేరు ఒకే ముక్క. లోపల కంచు బుష్, అది క్రాంక్‌కేసులో బిగించిన స్పిండిల్ అనే ఇరుసు మీద తిరుగుతుంది. క్యామ్‌లని చేత్తో లాగితే వచ్చేస్తాయి.

ఇన్‌టేక్ క్యామ్ బయటికి తీసి గుడ్డతో తుడిచాను. ముక్కు మీద లేత బూడిదరంగు మెరుపు, గోరు ఆనించి గీస్తే ఎక్కడా తట్టుకోలేదు. ముప్ఫై ఏళ్ళ బండికి ఇంకేం కావాలి!

ఎగ్జాస్ట్ క్యామ్ తీశాక కాసేపు మాట రాలేదు. ముక్కు చదునుగా అయిపోయింది, నమిలి ఉమ్మేసిన పెన్సిల్ చివర లాగా. అంచున అరగని సన్నటి గట్టు మిగిలింది, టాపెట్ ఆనని చోటది. మధ్యలో నువ్వుగింజలంత గుంటలు, రెండు చోట్ల గుంటలు కలిసిపోయి పెచ్చు లేచింది. టాపెట్ పాదం ఇంకా ఘోరం. చదునుగా ఉండాల్సింది గరిటెలా గుంట పడింది, ఒక మూల చిట్లింది. మూడో రోజుకల్లా గ్యాప్ పెరగడానికి కారణం అదే. ముక్కు అరిగితే గ్యాప్ మారదు గానీ, టాపెట్ పాదం గుంట పడుతుంటే మారుతుంది. రెండూ ఒకదాన్నొకటి తింటున్నాయి.

మా వీధి చివరి మెకానిక్ బాబాయ్ సాయంత్రం టీ తాగుతూ వచ్చాడు. నాన్న ఉన్నప్పటి నుంచి ఈ బండి ఎరిగిన మనిషి. క్యామ్ చేతిలోకి తీసుకుని, "ఆకురాయి ఉందా అబ్బాయ్?" అన్నాడు. ఇచ్చాను. ఇన్‌టేక్ క్యామ్ ముక్కు మీద ఆకురాయి పెట్టి నెట్టాడు, గాజు మీద జారినట్టు జారిపోయింది. ఎగ్జాస్ట్ ముక్కు మీద పెట్టాడు, అక్కడ కర్‌మని పట్టింది, పొడి రాలింది.

"గట్టి తోలు పోయింది. ఇక లోపలంతా మెత్తటి మాంసమే. నాలుగు రోజుల్లో అయిపోద్ది."

నెలల తరబడి మెల్లగా అరిగి, ఆఖర్న ఒక్కసారిగా శబ్దం ఎందుకు పెరిగిందో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. క్యామ్ పైన మాత్రమే వేడిచేసి గట్టిపరిచిన పొర ఉంటుంది. అది ఉన్నంతకాలం అరుగుదల తక్కువ. అది దాటితే ఆపడం ఎవరి తరమూ కాదు.

"లేత్ దగ్గర వెల్డింగ్ పోసి మళ్ళీ గ్రైండింగ్ చేయిస్తే?" అని అడిగాను.

"ఆకారం వస్తుంది, గట్టితనం రాదు. నీకు మళ్ళీ ఇదే పని కావాలంటే చేయించు."

జూన్ 18, బుధవారం

పని ముందుకి సాగలేదు. రాత్రి క్యామ్‌ని బల్ల మీద పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒకే ఇంజిను, ఒకే నూనె, ఒకే కంపెనీ క్యామ్ జత. ఒకటి నిగనిగలాడుతోంది, పక్కది నాశనమైంది. ఎందుకు?

మొదట సరుకు మీదే అనుమానపడ్డాను. తొమ్మిదేళ్ళ కిందట ఇంజిను మొత్తం విప్పినప్పుడు వేసిన క్యామ్‌లివి. నాసిరకం క్యామ్‌లు బజారులో దొరుకుతాయి, నిజమే. కానీ నాసిరకమైతే తొమ్మిదేళ్ళు ఆగేది కాదు. తర్వాత అప్పట్లో బిగించిన మెకానిక్ మీదికి పోయింది మనసు. నూనె మీదికి కూడా పోయింది. ఈ బుల్లెట్లో క్లచ్చు వేరే గదిలో, వేరే నూనెలో తిరుగుతుంది కాబట్టి క్లచ్చు జారుతుందన్న భయం లేదు, దాంతో కొందరు కొత్తరకం కారు నూనె పోసేస్తుంటారు. కార్లలో పొగ శుద్ధి చేసే కన్వర్టర్ పాడవకూడదని ఆ నూనెల్లో జింకు, భాస్వరం కలిసిన పదార్థం తగ్గించారు. టాపెట్ పాదం క్యామ్ మీద రాసుకునే చోట ఇనుముకి పూతలా నిలబడేది ఆ పదార్థమే. కానీ నేను పోస్తున్నది బైకు నూనే, 20డబ్ల్యూ50. పైగా నూనె చెడ్డదైతే రెండు క్యామ్‌లూ పోవాలి కదా.

ఒకటే పోయిందంటే నూనె మంచిదే, ఒకదానికే అందలేదు. ఎగ్జాస్ట్ వైపు నూనె దారి చూడాలి.

జూన్ 21, శనివారం

దొంగ దొరికాడు. చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఈ ఇంజినులో రెండు నూనె పంపులు. ఒకటి నూనెని ఫిల్టరు మీదుగా క్రాంక్‌కి పంపుతుంది, ఇంకోటి కిందికి చేరిన నూనెని వెనక్కి లాగుతుంది. ఆ రెండో పంపు నుంచే సన్న గొట్టం ఒకటి బయటి నుంచి పైకెక్కి, రెండుగా చీలి, రెండు రాకర్లకి నూనె ఇస్తుంది. రాకర్లని తడిపిన నూనె పుష్‌రాడ్ల సొరంగాల్లోంచి కిందికి జారి టాపెట్ల మీద, క్యామ్‌ల మీద పడుతుంది. పొలానికి కాలవ నీళ్ళు వచ్చినట్టు పై మడి తడిస్తేనే కింది మడికి.

గొట్టం విప్పి, ఒక కొసన నోరు పెట్టి ఊదాను. ఇన్‌టేక్ వైపు కొసలోంచి గాలి వచ్చింది. దాన్ని వేలితో మూసి మళ్ళీ ఊదాను. బుగ్గలు ఉబ్బాయి తప్ప ఎగ్జాస్ట్ వైపు ఏమీ రాలేదు. గొట్టం కొసని బిగించే, లోపల నూనె దారి ఉన్న బాంజో బోల్టు వెలుగుకి ఎత్తి చూస్తే, పక్కనున్న చిన్న రంధ్రంలో ఎర్రటి బిళ్ళ. సూదితో పొడిస్తే రబ్బరులా సాగుతూ వచ్చింది, కందిగింజంత. గ్యాస్కెట్ పేస్టు.

ఎర్ర పేస్టు ఈ బండికి వాడింది ప్రపంచంలో ఒక్కడే, నేను. రెండేళ్ళ కిందట ఎగ్జాస్ట్ వైపు బాంజో దగ్గర నూనె చెమర్చుతుంటే, రాగి వాషర్లు మార్చే బద్ధకంతో, ఆ ట్యూబు పిండి బిగించేశాను. లీకు ఆగింది, ఎంతో సంతోషపడ్డాను. బయటికి కనిపించే పేస్టు కన్నా లోపలికి పిండుకుపోయే పేస్టు ఎక్కువని అప్పుడు తట్టలేదు.

రాకర్ మూత తీశాను. ఎగ్జాస్ట్ రాకర్ ఇరుసు మాడిన బెల్లం రంగులోకి తిరిగింది, వేలితో తుడిస్తే నూనె జాడ లేదు. అయితే పూర్తిగా బిగుసుకోలేదు, మెరుగుపెడితే పనికొస్తుంది. ఇన్నాళ్ళూ ఎగ్జాస్ట్ క్యామ్‌కి అందింది గేర్లు చిమ్మిన తుంపర ఒక్కటే.

లెక్క వేశాను. ఈ రెండేళ్ళలో తిరిగింది ఆరు వేల కిలోమీటర్లు. గంటకి 40 చొప్పున 150 గంటలు. ఇంజిను నిమిషానికి సగటున 2,200 చుట్లు తిరిగిందనుకుంటే, క్యామ్ అందులో సగం, 1,100. మొత్తం దాదాపు కోటి సార్లు ఆ ముక్కు టాపెట్ పాదాన్ని పొడిగా రాసింది. నిజానికి అది ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప.

మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు నవ్వి, "పాత మెకానిక్‌ని తిట్టావు చూడు, ఆయనకి ఓ టీ పోయించు" అన్నాడు.

జూన్ 23, సోమవారం

సెలవు పెట్టి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. క్యామ్‌లు జతగానూ టాపెట్లు జతగానూ తీసుకున్నాను. ఇన్‌టేక్ క్యామ్ బాగుంది కదా, ఒక్కటే కొందామన్న ఆశ ఉండింది. కానీ గేరు పళ్ళు కొత్తది పాతదానితో కలిస్తే ఈల వేస్తాయి, పైగా బుష్ కూడా లూజుగా ఉంది. ఒక్క నియమం మాత్రం ఎవరూ తప్పకూడదు: కొత్త క్యామ్ మీద పాత టాపెట్ వేయకూడదు. గుంటపడిన పాదం కొత్త ముక్కుని అంచులతో గీకేస్తుంది.

కౌంటరు మీదే జేబులోంచి చిన్న ఆకురాయి తీశాను. షాపాయన "ఏంటండీ ఇది, గీతలు పడితే ఎవరు కొంటారు?" అని గొంతు పెంచాడు. ముక్కు మీద కాదు, పక్క అంచున ఒక్కసారి ఆనిస్తానని ఒప్పించాను. మొదటి రకం పట్టింది. రెండో రకం జారింది. ధర ఎక్కువైనా రెండోదే తీసుకున్నాను. వెర్నియర్‌తో ముక్కు నుంచి వీపు దాకా కొలిస్తే కొత్త ఎగ్జాస్ట్ క్యామ్ కన్నా పాతది 1.7 మి.మీ. తక్కువ ఉంది.

కొత్త క్యామ్ బుష్‌లు స్పిండిల్ మీద బిగుతుగా ఉంటాయి, రంధ్రాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేసే రీమర్‌తో సరిచేయాలి. నేను పాత ఇన్‌టేక్ క్యామ్‌నీ, స్పిండిల్ కొలతనీ పట్టుకెళ్ళాను. లేత్ ఆయన రీమర్‌ని మెషిన్‌కి పెట్టకుండా చేత్తోనే తిప్పాడు. ఒక్కో చుట్టుకీ బయటికి తీసి, తుడిచి, అదే మందం ఉన్న పిన్ను దూర్చి చూసుకుంటూ. పిన్ను తన బరువుకి మెల్లగా దిగాలి, గలగలాడకూడదు. పావుగంట పని. 250 రూపాయలు తీసుకున్నాడు, ఆ చేతులకి అది తక్కువే.

తిరుగు రైల్లో పక్కసీటు కుర్రాడు మూట చూసి ఏంటని అడిగాడు. చెబితే, తన 100 సీసీ బండికి కూడా హెడ్డులోంచి శబ్దం వస్తోందన్నాడు. ఆ బండ్లలో క్యామ్ ఇంజిను తల మీద ఉంటుంది, నూనె ఆఖర్న చేరే చోటు. ఒక లీటరు కూడా పట్టని ఇంజినులో మూడొందల మిల్లీ తగ్గితే మొదట ఎండిపోయేది అదే. నూనె ఎప్పుడు చూశావంటే, సర్వీసుకి ఇచ్చినప్పుడు వాళ్ళే చూస్తారన్నాడు. డిప్‌స్టిక్ ఎక్కడుందో తెలుసా అని అడగబోయి ఊరుకున్నాను. ఎర్ర పేస్టు గుర్తొచ్చింది.

జూన్ 29, ఆదివారం

బిగింపు. నూనె దారులన్నీ కిరోసిన్‌తో, తర్వాత పంక్చర్ షాపు గాలితో కడిగాను. గుడ్డ ఫిల్టరు కొత్తది. ఇనుప పొడి క్రాంక్ వైపు ఎంత పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఫిల్టరు నల్లగా నిండి ఉంది కాబట్టి చాలావరకు అదే మింగిందని నమ్ముతున్నాను.

రాగి వాషర్లు గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాను. అలా చేస్తే రాగి మెత్తబడి చక్కగా కూర్చుంటుంది. పేస్టు ట్యూబుని మా అబ్బాయి చేత చెత్తబుట్టలో వేయించాను.

కొత్త టాపెట్లకి నూనె రాసి గైడ్లలో పైకి నెట్టి వదిలాను. తమ బరువుకి మెల్లగా జారాయి, అలాగే ఉండాలి. క్యామ్ ముక్కుల మీద, టాపెట్ పాదాల మీద మాలిబ్డినం పేస్టు ధారాళంగా పూశాను. మొదటి కొన్ని నిమిషాలు నూనె పైకెక్కి కిందికి జారేదాకా క్యామ్‌ని కాపాడేది అదే. పళ్ళ మీది గుర్తులు కలిపి గేర్లు ఎక్కించాను. మొదటిసారి ఒక పన్ను తప్పింది. ఎక్కించేటప్పుడు గేరు కాస్త తిరుగుతుంది, ఆ తిరుగుడు ముందే లెక్కేసుకోవాలి. మళ్ళీ తీసి పెట్టాను. కవరు మూసేముందు ఇంజినుని నాలుగు చుట్లు చేత్తో తిప్పి, కంప్రెషన్ పైన రెండు వాల్వులూ మూసుకున్నాయో లేదో చూసుకున్నాను.

క్యామ్‌లు తీశామంటే పాయింట్ల టైమింగ్ కూడా పోయినట్టే, ఆ గేర్లు కూడా వీటి మీదే తిరుగుతాయి. చిన్న బల్బు పెట్టి మళ్ళీ సెట్ చేశాను. దానికే రెండు గంటలు పట్టింది, రాయడానికి ఏమీ లేదు.

జూలై 6, ఆదివారం

స్టార్ట్ చేసే రోజు. రెండుంపావు లీటర్ల కొత్త నూనె. ప్లగ్గు లేకుండా యాభై కిక్కులు కొట్టి పంపులకి నూనె పట్టించాను.

కొత్త క్యామ్‌కి మొదటి ఇరవై నిమిషాలే ఆయుష్షు నిర్ణయిస్తాయి. ఈ సమయంలో ఐడ్లింగ్‌లో వదలకూడదు. బండి మెల్లగా తిరిగితే ఇంజినుకి సుఖమని మనందరికీ ఒక నమ్మకం. క్యామ్ విషయంలో అది తలకిందులు. వేగంగా తిరిగేటప్పుడు టాపెట్, పుష్‌రాడ్ల ఊపు ముక్కు దగ్గర స్ప్రింగు బరువుని కొంత మోస్తుంది. మెల్లగా తిరిగినప్పుడు స్ప్రింగు బరువంతా ముక్కు మీదే పడుతుంది, నూనె పొర కూడా పలచబడుతుంది. అందుకని రెండో కిక్కుకి అందుకోగానే యాక్సిలరేటర్ కాస్త ఎత్తి పట్టుకున్నాను. ఈ బండికి ఆర్‌పీఎం ముల్లు లేదు, చెవే మీటరు. ఐడ్లింగ్‌కి రెట్టింపు అనిపించేలా, కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉన్నాను. గాలికి చల్లబడే ఇంజిను కాబట్టి హాల్లోని పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాను. ఇంట్లో వాళ్ళు చెమటలు కక్కుతూ నన్ను చూశారు.

మధ్యలో ఎగ్జాస్ట్ బాంజో బోల్టు అర చుట్టు వదులు చేశాను. రెండు సెకన్లు ఏమీ లేదు, గుండె ఆగినంత పనైంది. తర్వాత బుడగ ఒకటి, దాని వెనక పచ్చటి నూనె చుక్కలు చుక్కలుగా. బిగించేశాను.

ఇరవై నిమిషాలయ్యాక ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి సాయంత్రం టాపెట్లు మళ్ళీ చూశాను. ఎగ్జాస్ట్ కొంచెం సర్దాల్సి వచ్చింది. ఆ నూనె అక్కడికక్కడే దించేశాను. మాలిబ్డినం వల్ల నల్లగా ఉంది, అయస్కాంతానికి మాత్రం ఎంతో కొంచెం అంటింది.

ఆగస్టు 3, ఆదివారం

500 కిలోమీటర్లు. రేపల్లె దాకా ఒకసారి, గుంటూరుకి కొన్నిసార్లు. ఎత్తు ఎక్కేటప్పుడు తుమ్ములు పోయాయి. 60 దాటాక బండి గుంజుతోంది, అక్కడే ఆపుకుంటున్నాను ఇంకా. శబ్దం కుట్టుమిషన్‌కి దిగింది.

నూనె మార్చాను. అయస్కాంతం మీద సన్నటి బూడిద పూత, ముళ్ళు లేవు. బేసిన్ అడుగున బంగారు మెరుపు లేదు. ఫిల్టరు శుభ్రంగా ఉంది. టాపెట్లు సర్దాల్సిన పని పడలేదు.

ఎగ్జాస్ట్ వైపు బాంజో దగ్గర మాత్రం వేడెక్కాక ఒక చుక్క చెమర్చుతోంది, రెండేళ్ళ కిందట చెమర్చిన చోటే. పాత బనియన్ ముక్క ఒకటి సీటు కింద పెట్టుకున్నాను, ఆగినప్పుడల్లా తుడుస్తున్నాను.